అడగకుండా రాసిన జవాబు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎం అమ్మాయిలు అప్పుడప్పుడు నిజామాబాద్‌లో మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన ముసలి నర్సు దగ్గర పనికొచ్చే ముక్క ఏదైనా దొరుకుతుందని వాళ్ళ ఆశ. సూది వేయడం వాళ్ళకు ట్రైనింగులో నేర్పారు. రిపోర్టులు ఫోన్‌లో ఎక్కించడం నాకంటే వాళ్ళకే బాగా వచ్చు. ఇక నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఒక ఇంటికి వెళ్ళి ఆ ఇంటి ఆడమనిషిని, "పిల్లలు ఎందరు, ఇంకా కావాలా, వద్దా" అని అడగడం. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగంలో సగం ఈ ప్రశ్నే. దాన్ని సరిగ్గా అడగడం వచ్చేసరికి రిటైర్మెంటు దగ్గరికి వచ్చేసింది.

ఇందులో మనుషుల పేర్లు మార్చాను. రాయవచ్చా అని వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాను కూడా. అలా అడగడం నాకు ఎంత ఆలస్యంగా అలవాటైందో చదివితే మీకే తెలుస్తుంది.

గంగవ్వ అన్న మాట

నా మొదటి పోస్టింగు వర్ని అవతల ఒక చిన్న సబ్‌సెంటర్. ఏటా ఇల్లిల్లూ తిరిగి, పెళ్ళయి పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి జంట పేరూ రిజిస్టర్‌లో రాయాలి. పిల్లలు ఎందరు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, లూపు వేయించుకున్నారా, మాత్రలు వాడుతున్నారా, ఏదీ లేకపోతే ఎందుకు లేదు. ఇవన్నీ గళ్ళు. నెలకోసారి మీటింగులో డాక్టర్ గారు అడిగేది మాత్రం ఒకటే ప్రశ్న. "ఎస్తేరూ, ఈ నెల ఎన్ని కేసులు?" కేసు అంటే ఆపరేషన్‌కు తీసుకొచ్చిన మనిషి. తక్కువైతే అందరి ముందు నిలబెట్టేవారు. ఆయన చెడ్డవారు కాదు, ఆయన్నూ పైన ఇంకెవరో నిలబెట్టేవారు.

ఆ రోజుల్లో గంగవ్వ అని వరి నాట్లకు పోయే మనిషి ఉండేది. ముగ్గురు పిల్లలు. నేను పొలం గట్టు మీద ఆమె భర్తతో మాట్లాడాను, ఇంటి అరుగు మీద అత్తతో మాట్లాడాను. ఇద్దరూ సరేనన్నారు. మర్నాడు గంగవ్వను జీపులో ఎక్కించి క్యాంపుకు తీసుకెళ్ళాను. ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తర్వాత కుట్లు విప్పడానికి వెళ్ళినప్పుడు నొప్పి ఉందా అని అడిగాను.

"నొప్పేం లేదు," అంది. "ఒక్క మాట అడుగుత, కోపం జేస్కోకు సిస్టరమ్మా. మా ఆయన్నడిగినవు, మా అత్తనడిగినవు. నన్నెందుకు అడగకపోతివి?"

చేతిలో కత్తెర పక్కన పెట్టాను. "నీకింక పిల్లలు కావాల్నని ఉండెనా?" అన్నాను.

"లేకుండె. నాకు గూడ సాలనే ఉండె. గని నన్నడిగితే నేనే జెప్తుంటి గద."

అంతే. గొడవ పెట్టలేదు, ఏడవలేదు. టీ తాగి పొమ్మంది. ఆమెకు ఇష్టమైన పనే జరిగింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ బస్సులో బోధన్ వచ్చేదాకా ఆ మాట వదల్లేదు. జరిగింది మంచే అయినా, ఆ నిర్ణయం ఆమె చేతుల్లోంచి తీసేసుకుని జరిపించాను.

మంచినీళ్ళ ఉపాయం

ఈ పనిలో నాకు దారి చూపించింది మా సూపర్‌వైజర్ ప్రమీలమ్మ. నోరు చాలా దురుసు. నా కళ్ళలో ఎన్నిసార్లు నీళ్ళు తెప్పించిందో లెక్కలేదు. ఆమె ఫీల్డ్‌కు వస్తే ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. "గొంతు ఎండుకపోయింది, జర మంచినీళ్ళు ఇయ్యమ్మా." అత్త గడప దగ్గర కూర్చుని ఉంటుంది కాబట్టి కోడలు నీళ్ళకు లోపలికి లేస్తుంది. వెంటనే ప్రమీలమ్మ, "నువ్వు తేకు, నేనే వస్తున్న," అని చెప్పులు విడిచి ఆమె వెనకాలే వంటింట్లోకి వెళ్ళిపోయేది. కుండ దగ్గర రెండు నిమిషాలు. బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయికి ఏం కావాలో, ఏం వద్దో ఈమెకు తెలిసిపోయేది. మధ్యాహ్నానికి మా ఇద్దరి కడుపుల్లో నీళ్ళు తప్ప మరేమీ ఉండేవి కావు.

ఒకరోజు నేను అత్త ముందే కోడల్ని మాత్రల సంగతి అడిగాను. దారిలో నన్ను ఆపి కడిగేసింది. "గడపల నిలవడి అడిగితే ఇల్లు జవాబు జెప్తది ఎస్తేరూ. ఆ పిల్ల జెప్పది."

నేనూ ఆ ఉపాయం పట్టుకున్నాను. చాలా ఏళ్ళు నీళ్ళు తాగాను. భర్తకు తెలియకుండా లూపు అడిగిన వాళ్ళున్నారు. అత్త చాలన్నా ఇంకొకరు కావాలని ఏడ్చిన వాళ్ళున్నారు. పసుపు ఉడికించే సీజనులో ఆవిరి పట్టిన చేతులతోనే నా చెయ్యి పట్టుకుని, "ఈయేడు ఒద్దని మా ఆయనకు నువ్వే జెప్పు సిస్టరమ్మా," అన్నవాళ్ళున్నారు. ఇక నాకు ఈ పని వచ్చేసిందనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

ప్రార్థన చీటీ

తర్వాత ఎడపల్లి వైపు ఒక ఊరికి బదిలీ అయ్యాను. అక్కడే అద్దెకు ఇల్లు తీసుకున్నాం. మాది మెథడిస్టు కుటుంబం. ఆదివారం వెళ్ళే చర్చిలో శాంతమ్మక్క పరిచయమైంది. భర్త చనిపోయాక చెరుకు నరికి, కలుపులు తీసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఆ కొడుకు ప్రభుదాస్‌కు బోధన్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉంది. కోడలు కరుణ మోస్రా అమ్మాయి. మాట తక్కువ, పని చురుకు.

రిజిస్టర్‌లో ఆ జంట పేరు రాసి, పిల్లలు సున్నా అని వేశాను. ఏ పద్ధతీ వాడకపోతే కారణం రాయాలని చెప్పాను కదా, పిల్లలు లేని జంట దగ్గర నా చెయ్యి ఆగేది కాదు, "పిల్లలు కావాలి" అని రాసేసేది. నేనొక్కదాన్నే కాదు, మేమందరం అట్లాగే రాసేవాళ్ళం. ఒక్కరు కూడా పుట్టకముందే ఎవరైనా వద్దంటారా? వరుసగా మూడేళ్ళు కరుణ పేరు ఎదురుగా ఆ రెండు మాటలే రాశాను. ఒక్కసారీ వాళ్ళ వంటింట్లో మంచినీళ్ళు అడగలేదు. మన చర్చి వాళ్ళే, రోజూ చూస్తున్నదే, అడిగేదేముందని నా ధీమా.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చిలో ఆరాధనకు ముందు ప్రార్థన చీటీలు తీసుకుంటారు. జ్వరం తగ్గాలని, ఉద్యోగం రావాలని ఎవరి బాధ వాళ్ళు రాసి ఇస్తారు. పాస్టర్ అయ్యగారు పేరు పేరునా చదివి అందరి చేతా ప్రార్థన చేయిస్తారు. ఒక ఆదివారం నేను రాసి ఇచ్చాను, "ప్రభుదాస్, కరుణ దంపతులకు గర్భఫలం కోసం" అని. మంచిపని చేశానని సంబరపడ్డాను కూడా.

ఆ చీటీ ఇక పోలేదు. ప్రతి ఆదివారం చదివేవారు. స్త్రీల సమాజం మీటింగులోనూ చదివేవారు. చదివిన ప్రతిసారీ రెండో వరుసలో కరుణ కొంగు నిండా కప్పుకుని తల దించుకునేది. భక్తి అనుకున్నాను. నలుగురూ అంత ప్రేమగా ప్రార్థిస్తుంటే శాంతమ్మక్కకు ఆశ పెరిగింది. శుక్రవారం శుక్రవారం ఉపవాసం మొదలుపెట్టింది.

సాదుడు ఒడిసింది

ఒక బుధవారం టీకాలు అయిపోయి తల్లులందరూ వెళ్ళాక కరుణ సబ్‌సెంటర్‌కు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. నెలసరి ఆగకుండా పోతోందని, కడుపులో నొప్పి అని చెప్పింది. పరీక్ష చేస్తే లూపు దారం కనబడింది.

నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎప్పుడు పెట్టించుకున్నవ్?"

"పెండ్లైన నెలకు. రెండు దవాఖానల్ల కాదన్నరు, ఒక్కలన్న పుట్టనియ్యి అన్నరు. మూడో దాంట్ల డాక్టరమ్మ పెట్టింది."

లూపు తీసేసి, రక్తానికి మాత్రలిచ్చి, కాసేపు పడుకోబెట్టాను. నాకు కోపం వచ్చింది. మా శాంతమ్మక్కను ఇంత మోసం చేస్తుందా అనిపించింది. ప్రభుదాస్‌కు తెలుసా అని గట్టిగానే అడిగాను.

"పెండ్లికి ముందే జెప్పిన. ఒప్పుకునే జేస్కున్నడు." లేచి కూర్చుంది. "మా అవ్వా బాపూ చెరుకు నరుకబోతుండె సిస్టరమ్మా. తెల్లారకముందు పోతే పొద్దుగూకినంక వచ్చేది. నేను రెండో తరగతిల ఉన్నప్పటి సంది నా సంకల ఎవ్వలో ఒకలు ఉండిండ్రు. నలుగుర్ని సాదిన. చిన్నోడు నా చేతులనే నడక నేర్సిండు, నన్నే అవ్వా అని పిలిచిండు. నాకు పిల్లలంటే పగ లేదు. నాకు సాదుడు ఒడిసింది, నా వంతు పెంచుడు అయిపోయింది. గంతే."

"రేపు పెద్దగైనంక నిన్నెవ్వలు సూస్తరే?" అన్నాను. అందరూ అనే మాటే నేనూ అన్నాను.

"నన్ను సూసేటందుకు ఒకల్ని కనాల్నా? పుట్టకముందే పని అప్పజెప్పుడు గాదా అది? నేను పుట్టినప్పుడు గట్లనే అన్నరట. మొదలు ఆడిపిల్ల పుట్టింది, ఎనకటోల్లను సాదుతదని అందరు ఖుషీ అయిండ్రట."

ఆమే అడిగింది, "మీరు ఇద్దరితోని ఎందుకు ఆపిండ్రు?"

నిజం ఇప్పుడు రాస్తాను. నాకు మూడో బిడ్డ కావాలని చాలా ఉండేది. ఊరందరికీ ఇద్దరు చాలని చెప్పే నర్సుకే ముగ్గురుంటే నవ్వుతారని ఆపరేషన్ చేయించుకున్నాను. ఎన్నో వంటిళ్ళలో ఎందరో ఆడవాళ్ళను నీకేం కావాలని అడిగాను. నన్ను నేను అడగలేదు. ఎదురుగా కూర్చున్న ఈ అమ్మాయి ఎవరూ అడగకముందే తనను తాను అడిగేసుకుంది. నా కోపంలో కొంత అసూయ కూడా ఉందని ఆ రోజు నాకు అర్థమైంది.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగింది. "చర్చిల ఆ చీటీ ఎవ్వలిచ్చిండ్రో మీకు తెలుసా?"

"నేనే," అన్నాను.

"అడిగి ఇయ్యొద్దా సిస్టరమ్మా?" అంది. గంగవ్వ మాటే మళ్ళీ వేరే నోటితో విన్నాను.

శుక్రవారం

చీటీ ఆపిద్దామనుకున్నాను. కారణం అడిగితే ఏం చెప్పాలి? పరీక్ష బల్ల మీద తెలిసిన విషయం బయట చెప్పే హక్కు నాకు లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, పాస్టర్ గారైనా, అత్తగారైనా, మీ సొంత అక్క అయినా సరే. వచ్చే వారం చూద్దాం, ఆ పై వారం చూద్దాం అని వాయిదా వేశాను. నా పిరికితనాన్ని గోప్యత అని పిలుచుకున్నాను.

అట్లా నెల గడవకముందే ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రభుదాస్ పరుగెత్తుకొచ్చాడు. శాంతమ్మక్క పడిపోయింది. ఆమెకు షుగర్ వ్యాధి. పొద్దున మాత్ర వేసుకుంది, ఉపవాసమని ఏమీ తినలేదు. నేను వెళ్ళేసరికి షుగర్ బాగా పడిపోయి ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. చక్కెర నీళ్ళు కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. కాసేపటికి తేరుకుంది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు.

"ఇగ ఉపాసం బందు జెయ్యక్కా, పానం పోతది," అన్నాను.

"పోతే పోనీ చెల్లె. మనుమడో మనుమరాలో రానీ, అప్పుడు తింట," అంది.

వాకిట్లో ప్రభుదాస్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతన్ని పక్కకు పిలిచి అడిగాను, ఇన్నేళ్ళు అమ్మకు ఎందుకు చెప్పలేదని. "అవ్వకు జెప్పే ధైర్యం లేకుండె సిస్టరమ్మా," అన్నాడు. మంచి పిల్లవాడే. కానీ ఒప్పుకున్న మాట సగం తనది కూడా అయినప్పుడు, నలుగురి చూపులనూ భార్య ఒక్కదానికే వదిలేయడం నాకు నచ్చలేదు. అదే అన్నాను.

కరుణ గిన్నెలో అన్నం కలుపుతోంది. ఆమె పక్కన కూర్చున్నాను. "నేను జేసిన తప్పు నేను జెప్పుకుంట. చీటీ నేనిచ్చిన అని, మిమ్మల్ని అడగకుండ ఇచ్చిన అని. గంతే జెప్త. మిగిలింది నీది. జెప్పాల్నంటవా, వద్దంటవా?"

ఆ ఇంట్లో నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది. కరుణ చెయ్యి ఆపింది. "మీరు మీది జెప్పుండ్రి. నాది నేను జెప్త," అంది.

లోపలికి వెళ్ళాం. నా మాట నేను చెప్పాను. శాంతమ్మక్కకు అర్థం కాలేదు. "మంచికేగద ఇచ్చినవు," అంది. అప్పుడు కరుణ మంచం పక్కన నేల మీద కూర్చుని, అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని మొత్తం చెప్పింది. మోస్రా ఇల్లు, నలుగురు పిల్లలు, పెళ్ళికి ముందు మాట, లూపు, అన్నీ. గొంతు పెంచలేదు. ప్రభుదాస్ గుమ్మంలోకి వచ్చి, "నేను గూడ ఒద్దనుకున్న అవ్వా. ఆమె ఒక్కతి కాదు," అన్నాడు. కాస్త ఆలస్యమే, కానీ అన్నాడు.

శాంతమ్మక్క గోడ వైపు తిరిగింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చివరికి కోడలితో అంది, "నేను శుక్కురారం శుక్కురారం కడుపు మాడ్సుకుంటుంటె, సూస్కుంట ఎట్ల తిన్నవే?"

"తినలేదు అత్తమ్మా," అంది కరుణ. "నువ్వు ఉపాసమున్ననాడు నేను ఎన్నడు తినలేదు."

ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు బిడ్డ కావాలని, ఒకరు ఆ బిడ్డను ఇవ్వలేనందుకు, ఒకే రోజు పస్తులున్నారు. అంతా నా చీటీ పుణ్యమే.

శాంతమ్మక్క గిన్నె వైపు చూసింది. "ముందు నువ్వు తిను," అంది. కరుణ ఒక ముద్ద తిన్నాక తాను నోరు తెరిచింది. దాంతో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. నెలల తరబడి ఆ ఇంట్లో మాటలు ముక్కలు ముక్కలుగా నడిచాయి. కానీ ఆ ఆదివారం పాస్టర్ గారు చీటీలు తీసుకుంటుంటే శాంతమ్మక్క లేచి ముందుకు వెళ్ళింది. వెనక బెంచీలో ఉన్న నాకు కూడా వినబడింది.

"మా కోడలు పేరు తీసేయుండ్రి అయ్యగారు. ఆమెకేం కొదువ లేదు. నా పేరు రాయుండ్రి."

"దేని కోసం అమ్మా?"

"నా మనసు ఊకుండేటందుకు."

మళ్ళీ ఆ గడప

నా అభిప్రాయం అడుగుతారు కాబట్టి చెబుతాను. కరుణ నిర్ణయం నాకు పూర్తిగా మింగుడుపడిందా అంటే, లేదు. ఆ ఇంట్లో ఒక బిడ్డ తిరిగితే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. శాంతమ్మక్క ఆశ తప్పని కూడా అనను. చెరుకు ఆకులకు కోసుకుపోయిన చేతులతో ఇంకో పసిదాన్ని ఎత్తుకోవాలనుకోవడంలో ఏం తప్పుంది? కానీ నాకు బాగుండేదని, ఆమెకు బాగుండేదని ఇంకొకరిని భూమి మీదకు రప్పించమనడం కుదరదు. మన బాధ మనమే పడాలి. కనడం ఎంత పెద్ద పనో, ఆలోచించి కనకుండా ఉండడం కూడా అంత పెద్ద పనే. ఆ మాట నాకు నేర్పింది నలుగురిని పెంచి అలిసిపోయిన అమ్మాయి.

రిటైరయ్యే ముందు ఏడాది ఆ రిజిస్టర్‌లో కరుణ పేరు ఎదురుగా పాత మాట కొట్టేసి, "వద్దన్నారు, ఇద్దరూ" అని రాశాను. అట్లా రాయడానికి వీల్లేదన్నారు డాక్టర్ గారు. వీలుందో లేదో, అది వాళ్ళు చెప్పిన జవాబు సార్ అన్నాను.

మొన్న ఎండల్లో, ఇదంతా రాయవచ్చా అని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను. శాంతమ్మక్క గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, నేను పక్కనే కూర్చున్నాను. ఫోన్ పట్టుకుని ఒక కొత్త ఏఎన్ఎం అమ్మాయి వచ్చింది. నన్ను ఎరగదు. చెమటలు కక్కుతూ నిలబడే, "అవ్వా, మీ కోడలికి పిల్లలు లేరని ఉంది. 'పిల్లలు కావాలి' అని ఎక్కించనా?" అంది.

నేను నోరు తెరవబోయాను. శాంతమ్మక్క నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"నన్నెందుకు అడుగుతవు బిడ్డా?" అంది. "ఆమె లోపలనే ఉన్నది, పోయి ఆమెనే అడుగు. ఎండల వడి వచ్చినవు, మంచినీళ్ళు గూడ ఆడనే ఉన్నయి."

ఆ అమ్మాయి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. కరుణ ఏం చెప్పిందో మా ఇద్దరికీ వినబడలేదు. శాంతమ్మక్క తల తిప్పి చూడలేదు, చింతపండు గింజలు తీస్తూనే ఉంది.